మా సెస్నా ఫ్యూయెల్ అయిపోయి పొలంలో దిగాక ఏం జరిగిందంటే: నా అనుభవం

2023 ఏప్రిల్ 15, శనివారం మధ్యాహ్నం మా సెస్నా 172ఎన్ (నాలుగు సీట్లు, ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం) టెక్సస్‌లో డెంటన్‌కి ఉత్తరాన ఒక పశువుల మేత పొలంలో దిగింది. ట్యాంకుల్లో ఇంజిన్‌కి అందే ఫ్యూయెల్ లేదు. విమానంలో మా నలుగురు భాగస్వాముల్లో ఒకరు పైలట్‌గా, పక్కన అతని స్నేహితుడు ఉన్నారు. ఇద్దరూ నడుచుకుంటూ బయటికొచ్చారు. బెల్టు ఒరుసుకున్న చోట కమిలింది, ఒకరికి పెదవి చిట్లింది, అంతే. విమానం కాగితాలు, ఇన్సూరెన్స్, లెక్కలు చూసేది నేనే కాబట్టి ఆ మధ్యాహ్నం నుంచి మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఫైలు మూసేదాకా ప్రతి ఫోనూ, ప్రతి ఫారమూ నా చేతుల మీదుగానే వెళ్లాయి. అమెరికాలో మనవాళ్లు ఉద్యోగం చేసుకుంటూనే పైలట్ లైసెన్స్ తెచ్చుకుని, నలుగురు కలిసి పాత విమానం కొనుక్కోవడం ఇప్పుడు మామూలైంది. ఇలాంటిది జరిగితే ఏ రోజు ఏం చేయాలో వాళ్లకి ముందే తెలిసి ఉండాలని రాస్తున్నాను.

నాకు మొదటి ఫోన్ పైలట్ నుంచి రాలేదు. ఫ్లోరిడాలోని టిండల్ వైమానిక స్థావరంలో ఉండే ఎయిర్‌ఫోర్స్ రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్ నుంచి వచ్చింది. "మీ విమానం ఎమర్జెన్సీ బీకన్ మోగుతోంది, విమానం ఇప్పుడు ఎక్కడుందో మీకు తెలుసా?" అని అడిగారు. విమానం తోకలో ఉండే ఈ బీకన్‌ని ఈఎల్‌టీ అంటారు, అది దెబ్బ తగలగానే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి సంకేతం పంపుతుంది. ఆ సంకేతంలో బీకన్ నంబరు ఉంటుంది, నోవా (అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ) దగ్గర ఆ నంబరుకి ఎవరి ఫోన్ నమోదై ఉంటే వాళ్లకి కాల్ వెళ్తుంది. ఈ నమోదు రెండేళ్లకోసారి తాజా చేయాలి. సెకండ్ హ్యాండ్ విమానం కొన్నవాళ్లు చాలామంది ఈ పని వదిలేస్తారు. అప్పుడు ఫోన్ పాత యజమానికి పోతుంది. ఇంకా పాత 121.5 బీకన్ ఉన్నవాళ్లకి ఆ ఫోన్ కూడా రాదు, ఎందుకంటే 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ ఫ్రీక్వెన్సీని వినడం మానేశాయి.

ఆ కాల్ పెట్టేసిన కాసేపటికే పైలట్ నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, మేమిద్దరం బానే ఉన్నాం. ఇంజిన్ ఆగిపోయింది, పొలంలో దించాను. ముక్కు చక్రం విరిగిపోయింది." నిప్పు అంటుకుంటుందేమోనన్న భయంతో ఫ్యూయెల్ వాసన వస్తోందా అని అడిగాను. "ఏమీ రావట్లేదన్నా" అన్నాడు. విరిగిన విమానం పక్కన నిలబడ్డ మనిషికి 100 ఎల్ఎల్ (చిన్న విమానాల పెట్రోలు) ఘాటు తగలడం లేదంటే ట్యాంకులు ఖాళీ అని వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మాస్టర్ స్విచ్ కట్టేశావా, మాగ్నెటో (ఇంజిన్‌కి మెరుపు ఇచ్చే భాగం) తాళం తీసి జేబులో పెట్టుకున్నావా, ఏ ట్యాంకు నుంచి ఫ్యూయెల్ రావాలో ఎంచే సెలెక్టర్ ఏ స్థానంలో ఉందో ఫోటో తీశావా అని అడిగాను. సెలెక్టర్ 'బోత్' మీద, అంటే రెండు ట్యాంకుల మీదా ఉంది. ఆ ఫోటో తర్వాత చాలా పనికొచ్చింది. ఒక ట్యాంకులో ఫ్యూయెల్ ఉండి కూడా సెలెక్టర్ తప్పు స్థానంలో ఉన్నందువల్ల ఇంజిన్ ఆగే ప్రమాదాలు వేరే ఉన్నాయి, విచారణ అధికారులు మొదట తేల్చుకునేది అదే.

తర్వాత చేయాల్సిన ఫోన్ ఎన్‌టీఎస్‌బీకి, అంటే అమెరికాలో రవాణా ప్రమాదాల్ని విచారించే బోర్డుకి. ప్రమాదం జరిగితే విమానం నడిపేవాళ్లు వెంటనే తెలియజేయాలని నిబంధన 830.5 చెబుతుంది. కంట్రోల్ టవర్ వాళ్లో పోలీసులో చెప్పేశారులే అనుకుంటే కుదరదు, ఆ బాధ్యత మనదే. ఇరవై నాలుగ్గంటలూ మనుషులుంటారు. వాళ్లు అడిగేవి ఇవీ: విమానం రకం, రిజిస్ట్రేషన్ నంబరు, యజమాని, పైలట్, ఎక్కడ, ఎప్పుడు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతమంది ఉన్నారు, దెబ్బలేమిటి, విమానానికి ఏమైంది. ఈ చివరి ప్రశ్నకి జాగ్రత్తగా జవాబివ్వాలి. ముక్కు చక్రం, టైర్లు, బ్రేకులు, ఫ్లాపులు, రెక్క కొస, ఇంజిన్ పై కప్పు, రేకు సొట్టలు, ఇవి మాత్రమే దెబ్బతింటే నిబంధన ప్రకారం అది పెద్ద నష్టం కిందికి రాదు. మా విమానంలో ముక్కు చక్రం వెనక్కి విరగడంతో దాని వెనకున్న ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) ముడతలు పడింది. ఎడమ రెక్క కంచె స్తంభానికి తగిలి ముందు స్పార్ (రెక్క లోపలి దూలం) దగ్గర మడత పడింది. రెండూ విమానం బలాన్ని మోసే భాగాలు. అంతటితో అది 'యాక్సిడెంట్' అయింది.

అక్కణ్ణుంచి అధికారి అనుమతి ఇచ్చేదాకా విమానాన్ని కదపకూడదు. మనుషుల్ని బయటికి తీయడానికి, ఇంకా పాడవకుండా కాపాడటానికి, చుట్టుపక్కల జనానికి ప్రమాదం లేకుండా చేయడానికి తప్ప దాన్ని ముట్టుకోకూడదు. పొలం ఆసామి మంచివాడు. సాయం చేస్తున్నాననుకుని ట్రాక్టరుకి గొలుసు కట్టి కంచె దాకా లాగిపెడతానన్నాడు, ఎందుకంటే ఆవులు వచ్చి తోకకి ఒళ్లు రుద్దుకుంటున్నాయి. ఆవుల్ని పక్క పొలంలోకి తోలించమని బతిమాలుకున్నాం. ఆ రాత్రి మేం వంతులేసుకుని పికప్ ట్రక్కులో కాపలా ఉన్నాం. రేడియోలు, జీపీఎస్ పరికరాలు పోవడం మామూలేనని అక్కడి డిప్యూటీ షెరిఫ్ చెప్పాడు. విమానంలో ఇంజిన్ మానిటర్ (ఇంజిన్ నడిచిన తీరు రికార్డు చేసే పరికరం) ఉంటే దాని కార్డు కూడా అక్కడే ఉంచాలి, మనం తీసి దాచితే తర్వాత అనుమానాలు వస్తాయి.

ఇక ఫ్యూయెల్ ఎలా అయిపోయిందన్నది. దీని మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇందులో నిర్లక్ష్యం కనబడే చోటు ఒక్కటీ లేదు, అయినా విమానం ఆగిపోయింది.

172ఎన్ మామూలు ట్యాంకులు రెండూ కలిపి 43 గ్యాలన్లు. అందులో వాడుకోగలిగింది 40. డాలస్‌కి దక్షిణాన ఉన్న మా ఎయిర్‌పోర్ట్ నుంచి కాన్సస్‌లోని విచిటాకి దాదాపు 300 నాటికల్ మైళ్లు. వసంతకాలంలో ఓక్లహోమా మీద దక్షిణ గాలి గట్టిగా వీస్తుంది. వెళ్లేటప్పుడు ఆ గాలి వెనక నుంచి తోసింది కాబట్టి నిండు ట్యాంకులతో బయల్దేరి రెండు గంటల ఇరవై నిమిషాల్లో చేరాడు. విమానం పుస్తకంలోని పట్టిక ప్రకారం, అతను ఎంచుకున్న పవర్‌లో, మిక్స్చర్ సరిగ్గా లీన్ చేస్తే (గాలితో కలిసే ఫ్యూయెల్ పాలు తగ్గిస్తే) గంటకి 7.2 గ్యాలన్లు. ఆ లెక్కన ఖర్చయింది 17 గ్యాలన్ల లోపు, మిగిలింది 23. విచిటాలో ఫ్యూయెల్ ధర మా ఊరికంటే ఎక్కువ, అందుకని పక్కకి ఐదు చొప్పున పది గ్యాలన్లు పోయించాడు. కాగితం మీద 33. తిరుగు ప్రయాణానికి 15 నాట్ల (గంటకి 15 నాటికల్ మైళ్ల) ఎదురుగాలి ఉంటుందని అంచనా చూసుకుని, మూడుంబావు గంటలు, 24 గ్యాలన్లు అనుకున్నాడు. దిగేటప్పటికి ఇంకా గంటకి పైగా ఫ్యూయెల్ ఉంటుంది. పగటిపూట కంటిచూపుతో నడిపే విజువల్ ఫ్లైట్‌కి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన 91.151 అడిగేది అరగంట నిల్వే. లెక్క చూస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

జరిగింది వేరు. మా విమానం నిజంగా తాగేది, స్టార్ట్, ట్యాక్సీ, ఎక్కడం అన్నీ కలిపి సగటు తీస్తే, గంటకి తొమ్మిది గ్యాలన్లు. పుస్తకంలోని అంకె కొత్త ఇంజిన్‌తో, ఆ పవర్ సెట్టింగ్‌లో, ఆ విధంగా లీన్ చేసినప్పుడు వచ్చేది. ఇతను ఎదురుగాలి తగ్గుతుందని 3,500 అడుగుల్లోనే ఉండి, థ్రాటిల్ కాస్త ఎక్కువ పెట్టి, మిక్స్చర్ దాదాపు రిచ్‌లోనే, అంటే ఫ్యూయెల్ పాలు తగ్గించకుండానే వదిలాడు. విచిటాలో నిజంగా మిగిలింది 19, పది పోస్తే 29. ఎదురుగాలి 27 నాట్లకి పెరిగింది, నేల మీద వేగం 81కి పడిపోయింది. 29ని 9తో భాగిస్తే మూడు గంటల పదమూడు నిమిషాలు. ప్రయాణానికి కావాల్సింది మూడు గంటల నలభై రెండు నిమిషాలు. ఇంటికి ఇంకా దాదాపు నలభై నాటికల్ మైళ్లుండగా ఇంజిన్ ఆగింది. దానికి పావుగంట ముందే గెయిన్స్‌విల్ ఎయిర్‌పోర్ట్ రెక్క కిందనుంచి వెనక్కి పోయింది.

మరి గేజ్‌లు? రెండు ముళ్లూ పావు దగ్గర ఊగుతున్నాయని అతను చెప్పాడు, నేను నమ్ముతాను. ఈ విమానాల్లో ట్యాంకు లోపల ఒక తేలే బెండు, దాని చేతికి ఒక రెసిస్టర్. గాలి కుదుపుకి బెండు ఎగురుతుంది, ముల్లు దానితోపాటే ఎగురుతుంది. కళ్లు ఎక్కువగా కనబడే అంకెనే పట్టుకుంటాయి. విమానం స్కిడ్‌లో గానీ స్లిప్‌లో గానీ (పక్కకి జారుతూ) ఉంటే గేజ్‌ని నమ్మొద్దని విమానం పుస్తకమే చెబుతుంది. ముళ్లు నమ్మదగ్గవి కావని అందరూ అంటారు. కానీ సున్నా వైపు చూపిస్తున్నప్పుడు మాత్రం నమ్మి దిగిపోవాలి, నిండుగా ఉన్నట్టు చూపిస్తున్నప్పుడు స్టిక్ (ట్యాంకులో ముంచే కొలపుల్ల) వేయాలి అన్నది నా అభిప్రాయం.

విచిటాలో ఫ్యూయెల్ పోయించకముందు డిప్‌స్టిక్ ట్యాంకులో ముంచి ఉంటే పక్కకి పదకొండున్నర బదులు తొమ్మిదిన్నర కనబడేది. ఆ రెండు గ్యాలన్ల తేడా ఈ విమానం అసలు ఆకలిని అక్కడికక్కడే చెప్పేసేది. ఎగిరేముందు స్టిక్ వేయడం అందరికీ నేర్పుతారు, దిగాక వేయడం నేర్పరు. దిగాక వేసినప్పుడే గంటకి ఎంత తాగిందో తెలుస్తుంది. ఇందులోనూ మెలకువలున్నాయి. స్టిక్ ఆ ట్యాంకుకి తగ్గదే కావాలి: 172లోనే 43, 54, 56 గ్యాలన్ల రకాలున్నాయి, ఒకదాని గీతలు ఇంకోదానికి పనికిరావు. నేల వాలుగా ఉంటే, సెలెక్టర్ 'బోత్' మీద వదిలేసి ఉంటే పై రెక్కలోది కింది రెక్కలోకి జారుతుంది, నిండు ట్యాంకైతే వెంట్ గొట్టం నుంచి నేలపాలవుతుంది. అందుకే ఫ్యూయెల్ పోయించేటప్పుడు సెలెక్టర్ ఎడమకో కుడికో తిప్పి ఉంచాలి. 172 రెక్కలు విమానం మధ్యలో పల్లంగా, బయటికి ఎత్తుగా ఉంటాయి కాబట్టి తక్కువ ఫ్యూయెల్ ఉన్నప్పుడు అదంతా లోపలి వైపు చేరి, మూత దగ్గర స్టిక్ పొడిగా రావచ్చు. స్టిక్ పొడిగా వస్తే ఎంత ఉందో అంచనా వేసుకోకూడదు, పోయించుకోవాలి.

ఇంజిన్ ఆగినప్పుడు నేల నుంచి 2,800 అడుగుల ఎత్తు. ఇంజిన్ లేకుండా ఎక్కువ దూరం జారేందుకు 172ఎన్‌కి సరైన వేగం (బెస్ట్ గ్లైడ్) 65 నాట్లు. వెయ్యి అడుగులకి గాలి లేకపోతే మైలున్నర వెళ్తుంది, ఎదురుగాలిలో ఇంకా తక్కువ. నాలుగు నిమిషాలు దొరికాయి. ఫ్లైట్ ఫాలోయింగ్‌లో (కంట్రోలర్ రాడార్ మీద గమనిస్తూ ఉండే సేవలో) ఉన్నాడు కాబట్టి మేడే చెప్పగానే కంట్రోలర్ చోటు రాసుకున్నాడు. ఊరి వైపు తిరగకుండా, కనబడ్డ మొదటి చదునైన పొలాన్ని ఎంచుకుని, తలుపు గడియ తీసి, 40 డిగ్రీల ఫ్లాపులతో గాలికి ఎదురుగా దించాడు. ఇద్దరికీ భుజం బెల్టులు ఉన్నాయి. తిరిగి నడిచి ఇంటికి రావడానికి కారణం ఇవే. ఆ నాలుగు నిమిషాలూ అతను చేసినదాన్ని నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడలేదు. కంట్రోలర్‌తో మాటల రికార్డింగ్ కావాలంటే త్వరగా అడగాలి, మామూలుగా 45 రోజులే ఉంచుతారు.

ఆదివారం పొద్దున ఎఫ్ఏఏ జిల్లా ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. ఇలాంటి చిన్న ప్రమాదాలకి ఎన్‌టీఎస్‌బీ అధికారి స్వయంగా రాకుండా ఫోన్ మీదే విచారణ నడపడం మామూలు, నేల మీద చూసేది ఎఫ్ఏఏ వాళ్లే. వాళ్లు చూసిన వరుస నాకు బాగా గుర్తుండిపోయింది. ముందు రెక్కల కింద గడ్డి చూశారు. ఫ్యూయెల్ ఒలికితే గడ్డి మాడుతుంది. రెక్క పైన మూతల వెనక, పొట్ట కింద నీలం మరకలు వెతికారు. మూత రబ్బరు రింగు చెడితే రెక్క మీద గాలి ఫ్యూయెల్‌ని పైకి లాగేస్తుంది, 100 ఎల్ఎల్ రంగు నీలం కాబట్టి ఎండాక మరక నిలిచిపోతుంది. మా రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. తర్వాత ట్యాంకులు రెండూ కొలపాత్రలోకి ఖాళీ చేశారు. రెండూ కలిపి రెండు గ్యాలన్లు కూడా రాలేదు. వాడుకోలేనిదిగా పుస్తకంలో రాసింది మూడు, అది అన్ని భంగిమల్లోనూ భద్రంగా ఉండే అంకె, సమంగా ఎగిరేటప్పుడు ఇంజిన్ ఆ మూడులోంచి కూడా కొంత లాగేస్తుంది. గ్యాస్కొలేటర్ (ఫ్యూయెల్ వడపోసే) గిన్నె పొడి. కార్బ్యురేటర్ గిన్నె విప్పితే అడుగున చెంచాడు. వెంట్ గొట్టం ఊది చూశారు, మూసుకుపోలేదు. చివరికి స్పార్క్ ప్లగ్గులు తీసి, ప్రొపెల్లర్ చేత్తో తిప్పి, నాలుగు సిలిండర్లలో కంప్రెషన్, మాగ్నెటోల మెరుపు చూశారు. ఇంజిన్‌లో ఏ లోపం లేదని అక్కడే అర్థమైపోయింది. కాఫీ కప్పులతో నిలబడి ఆ పాత్రలోకి చూస్తున్న మాలో ఎవ్వరికీ నోట మాట రాలేదు.

మా పత్రాల్లో వాళ్లు ముందు అడిగింది ఫ్యూయెల్ రసీదులు. విచిటా రసీదు పైలట్ ఫోన్‌లో ఉంది. అంతకుముందు ఏడాదిన్నర రసీదులన్నీ నా షీట్‌లో, హాబ్స్ మీటర్ (ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపేది) గంటలతో సహా ఉన్నాయి. గ్యాలన్లని గంటలతో భాగించి తొమ్మిది అన్న అంకె రాబట్టింది ఆ షీట్ నుంచే. ఎన్‌టీఎస్‌బీ విచారణాధికారి ఫోన్‌లో ఆ షీట్ గురించే ఎక్కువసేపు మాట్లాడారు. ఆ సందర్భంలో వాళ్ల భద్రతా హెచ్చరిక ఎస్ఏ-067 చదివాను: 2011 నుంచి 2015 వరకూ అమెరికాలో ఫ్యూయెల్ వల్ల జరిగిన చిన్న విమానాల ప్రమాదాలు ఏడాదికి సగటున యాభైకి పైనే. విచారించిన వాటిలో 95 శాతం ప్రణాళిక, వాడకం, అనుభవం లాంటి మనిషి కారణాలే. యంత్రం తప్పు చాలా అరుదు.

సోమవారం విమానాన్ని తీసుకెళ్లడానికి అనుమతి వచ్చింది, బుధవారం సాల్వేజ్ వాళ్లు (పాడైన విమానాల్ని ఎత్తుకెళ్లేవాళ్లు) వచ్చారు. ఒక్కో రెక్కకి ముందు, వెనక స్పార్ బోల్టులు, స్ట్రట్ బోల్టులు, ఐలెరాన్, ఫ్లాప్ కేబుళ్లు, ఫ్యూయెల్ గొట్టాలు, వైర్లు విప్పి పొడవాటి ట్రైలర్ మీద పెట్టుకెళ్లారు. తడి నేలలో ట్రక్కు చక్రాల గాళ్లు లోతుగా పడ్డాయి, కంచె కొంత పోయింది. ఆ నష్టం మా పాలసీలోని ఆస్తి నష్టం కింద ఆసామికి నేరుగా అందింది. అతనికి ముందే ఫోన్ చేసి, క్లెయిమ్ నంబర్ ఇచ్చి, నెలాఖరుకి ఇంకోసారి పలకరించడం మంచి పని. పొలం వాళ్లతో గొడవలు మొదలయ్యేది ఎవరూ ఫోన్ ఎత్తనప్పుడే.

ఈలోగా వేరే బాధ. హెలికాప్టర్ నుంచి తీసిన టీవీ వీడియో శనివారం సాయంత్రానికే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. విజయవాడలో అతని తల్లిదండ్రులకి కొడుకు ఫోన్ చేసేలోపే ఎవరో బంధువు వీడియో పంపారు. కొన్ని గంటలు ఆ ఇంట్లో ఏం జరిగిందో తలచుకుంటేనే కష్టంగా ఉంటుంది. ఇలాంటిది జరిగితే ఇన్సూరెన్స్‌కంటే ముందు ఇండియాకి ఫోన్ చేయండి, అర్ధరాత్రి అయినా సరే. ఇంకొకటి, ఎఫ్ఏఏ ప్రాథమిక నోటీసులో విమానం నంబరు వస్తుంది, ఆ నంబరుతో యజమాని పేరు, చిరునామా అప్పట్లో ఎవరైనా చూడగలిగేవారు. వారం తిరక్కుండా పాత విమానాలు కొనేవాళ్ల నుంచి, లాయర్ల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఏదీ సంతకం చేయకుండా పక్కన పెట్టండి.

ఎన్‌టీఎస్‌బీ ప్రమాద నివేదిక ఫారం 6120.1కి గడువు ప్రమాదం నుంచి పది రోజులు, అంటే మాకు ఏప్రిల్ 25. చాలా పేజీలుంటుంది: పైలట్ మొత్తం గంటలు, ఆ రకం విమానంలో గంటలు, చివరి 90 రోజుల్లో, 30 రోజుల్లో, 24 గంటల్లో ఎన్ని, బయల్దేరేటప్పుడు ఫ్యూయెల్ ఎంత, ఏ రకం, వాతావరణం, బరువు, ఆఖర్న సొంత మాటల్లో జరిగింది. ఆ వివరణ పంపే ముందు ఏవియేషన్ లాయర్‌కి చూపించాం. పైలట్‌కి ఏఓపీఏ (విమాన యజమానుల, పైలట్ల సంఘం) లీగల్ ప్లాన్ ముందునుంచే ఉంది కాబట్టి సరిపోయింది, ప్రమాదం జరిగాక చేరితే ఆ ప్రమాదానికి పనికిరాదు. లాయర్ చెప్పింది సూటిగా ఉంది: తెలిసింది రాయి, ఊహ రాయకు, "అనుకుంటున్నాను" అన్న వాక్యాలు తీసేయ్. ఈ ఫారం తర్వాత అందరికీ కనబడే దస్త్రంలోకి వెళ్తుంది.

ఇన్సూరెన్స్ గురించి మనవాళ్లలో ఒక భయం ఉంది, ఫ్యూయెల్ అయిపోతే పైసా రాదని. అది నిజం కాదు. పైలట్ పొరపాట్లకి కూడా పాలసీ వర్తిస్తుంది. వాళ్లు చూసేది షరతులు: లైసెన్స్, మెడికల్ (ఆరోగ్య సర్టిఫికెట్) చెల్లుబాటులో ఉన్నాయా, ఇన్‌స్ట్రక్టర్‌తో చేసే ఫ్లైట్ రివ్యూ 24 నెలల లోపు అయిందా, విమానం యాన్యువల్ (వార్షిక తనిఖీ) పన్నెండు నెలల లోపుదా, పైలట్ పేరు పాలసీలో ఉందా లేక పేరు లేనివాళ్లకి వర్తించే ఓపెన్ పైలట్ నిబంధనకి సరిపోయే గంటలున్నాయా. రెండో వారంలో "మా హక్కులు అట్టిపెట్టుకుంటూ విచారణ చేస్తున్నాం" అని ఒక ఉత్తరం వచ్చింది. చదివితే క్లెయిమ్ తిరస్కరించినట్టే ఉంటుంది. ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర లేదు. అది విచారణ మొదలైనప్పుడు పంపే మామూలు ఉత్తరమేనని మర్నాడు బ్రోకర్ చెప్పాడు. విమానం లాగ్‌బుక్కులు, అన్నీ, మొదటి నుంచీ, అడుగుతారు. స్కాన్ చేసి ఉంచుకుని, అసలువి రసీదు తీసుకుని మాత్రమే ఇవ్వండి.

రిపేరు అంచనా జూన్ మొదట్లో వచ్చింది. కొత్త ఫైర్‌వాల్, ముక్కు చక్రం, ఎడమ రెక్క, ప్రొపెల్లర్. వీటన్నిటికంటే పెద్దది ఇంజిన్. ఇంజిన్ తిరగకుండా ఆగి ఉన్నా సరే, ప్రొపెల్లర్ నేలకి కొట్టుకుని వంగితే ఇంజిన్ తయారుచేసిన లైకమింగ్ కంపెనీ లెక్కలో అది ప్రాప్ స్ట్రైకే (ప్రొపెల్లర్ దెబ్బే). వాళ్ల సర్వీస్ బులెటిన్ 533 ప్రకారం ఇంజిన్ మొత్తం విప్పి చూడాలి.  మొత్తం కలిపితే పాలసీ విలువకి దగ్గరగా వచ్చింది, ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ (బాగుచేయించడం దండగ) అన్నారు.

ఇక్కడ తగిలిన దెబ్బ మేం ఊహించనిది. విమానం పాలసీలు 'అగ్రీడ్ వాల్యూ' మీద నడుస్తాయి, అంటే ముందే ఒప్పుకున్న మొత్తమే వస్తుంది. మేం 2018లో కొన్నప్పటి 62,000 డాలర్లే అందులో ఉంది. 2020 తర్వాత పాత 172ల ధరలు బాగా పెరిగి, 2023లో అలాంటిది కొనాలంటే లక్ష డాలర్లకి అటూ ఇటూ. అగ్రీడ్ వాల్యూ తక్కువగా ఉంటే నష్టం రెండు రకాలు: రిపేరు చేయదగ్గ విమానాన్ని కూడా టోటల్ చేసేస్తారు, వచ్చిన డబ్బుతో ఇంకోటి రాదు. జులైలో చెక్కు వచ్చింది, వెయ్యి డాలర్ల డిడక్టిబుల్ పోను. బ్యాంకు అప్పు ఉంటే చెక్కు మీద బ్యాంకు పేరు కూడా ఉంటుంది, ముందు వాళ్లది తీరాలి. బిల్ ఆఫ్ సేల్ మీద నలుగురం సంతకం పెట్టాం, విమానం ఇన్సూరెన్స్ కంపెనీది అయింది. ఈ మూడు నెలలూ హ్యాంగర్ అద్దె, అప్పు వాయిదా ఆగలేదు. మా పాలసీలో టోటల్ లాస్ అయితే ఏడాది హల్ ప్రీమియం (విమానానికి కట్టేది) పూర్తిగా వాళ్లదే, మిగతా నెలలకి వెనక్కి రాలేదు. ఇంకో పది గ్యాలన్లకి విచిటాలో అయ్యేది అరవై, డెబ్బై డాలర్లు.

పైలట్‌కి నడిచిన వ్యవహారం వేరు. మే నెలలో పైలట్స్ బిల్ ఆఫ్ రైట్స్ (విచారణలో పైలట్ హక్కులు చెప్పే చట్టం) నోటీసుతో ఎఫ్ఏఏ ఉత్తరం వచ్చింది. దానికి లాయర్ ద్వారా జవాబిచ్చాడు. లైసెన్స్ సస్పెండ్ చేయలేదు, చట్టంలోని సెక్షన్ 44709 కింద మళ్లీ పరీక్షకి రమ్మన్నారు, అందరూ దాన్ని 709 రైడ్ అంటారు. ఫీజు లేదు, కానీ విమానం మనమే తెచ్చుకోవాలి. మనకి విమానం లేదు కాబట్టి అద్దెది. అద్దెకిచ్చేవాళ్లు ప్రమాదం సంగతి తెలిశాక ముందు వాళ్ల ఇన్‌స్ట్రక్టర్‌తో చెక్ అవుట్ (నడిపి చూపించడం) అడిగారు. అతను ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని ఫ్యూయెల్ ప్లానింగ్, లీనింగ్, ఇంజిన్ ఆగితే దించడం మొదటి నుంచీ సాధన చేసి ఆగస్టులో వెళ్లాడు. మౌఖిక పరీక్ష దాదాపు అంతా ఫ్యూయెల్ మీదే. పాసయ్యాడు. ఆ వేసవంతా అతను మా ఎవరి కళ్లలోకీ సూటిగా చూడలేదు. మేం భోజనాలకి పిలవడం మానలేదు, ఒంటరిగా వదల్లేదు. భాగస్వాములు చేయగలిగిన ముఖ్యమైన పని అదేనని నాకనిపిస్తుంది.

ప్రాథమిక నివేదిక మూడు వారాల్లో వచ్చింది, ఒక పేజీ. ఆ తర్వాత నెలల తరబడి ఏమీ వినబడలేదు, ఫోన్ చేస్తే పనిలో ఉందనేవారు. డిసెంబరులో దస్త్రం ఆన్‌లైన్‌లో తెరిచారు: మా ఫోటోలు, నా షీట్, పైలట్ రాసిన వివరణ, ఏడీఎస్-బీ (విమానం తన స్థానాన్ని ప్రసారం చేసే పరికరం) చూపిన దారి, విచిటా రసీదు, అన్నీ. తుది నివేదిక 2024 ఫిబ్రవరిలో వచ్చింది. కారణం ఒక్క వాక్యం: బయల్దేరే ముందు పైలట్ ఫ్యూయెల్ ప్రణాళిక సరిపోకపోవడం, దానివల్ల ఫ్యూయెల్ పూర్తిగా అయిపోయి ఇంజిన్ ఆగడం. బోర్డు తేల్చిన ఈ కారణాన్ని నష్టపరిహారం కోర్టు కేసుల్లో సాక్ష్యంగా వాడుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

అదే నెలలో హ్యాంగర్ వదల్లేక, వెయిటింగ్ లిస్టులో మళ్లీ వెనక్కి పడతామన్న భయంతో, నలుగురం తలా కొంత వేసుకుని 54 గ్యాలన్ల ట్యాంకులున్న ఇంకో 172ఎన్ కొన్నాం. ఇన్సూరెన్స్ దరఖాస్తులో పాత ప్రమాదాల ప్రశ్న దగ్గర తేదీ, కారణం, 709 రైడ్ ఫలితం రాశాం. ప్రీమియం పెరిగింది. అతని పేరు చేర్చడానికి ఇన్‌స్ట్రక్టర్‌తో పది గంటలు అడిగారు, అవి అతను పూర్తి చేశాడు. అగ్రీడ్ వాల్యూ ప్రతి రెన్యువల్‌కీ మార్కెట్ చూసి మారుస్తున్నాం. కొత్త విమానం తాళాల గుత్తికి ఆ ట్యాంకులకి సరిపోయే డిప్‌స్టిక్ కట్టి ఉంటుంది. ఎగిరే ముందు ఒకసారి, దిగాక ఒకసారి వేసి, పక్కపక్కన రాయకుండా ఎవరూ హ్యాంగర్ తలుపు మూయడం లేదు. మొదటి యాభై గంటల మీద ఈ విమానం సగటు 8.6 వచ్చింది.